డీక్రిప్ట్ చేశాక అక్షరాలు ఎందుకు చెదిరిపోతాయి

ఒక సందేశాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి దాచారు. తిరిగి డీక్రిప్ట్ చేస్తే మొదటి ముక్క మాత్రం పిచ్చి గుర్తులుగా వచ్చింది, మిగతాదంతా శుభ్రంగా ఉంది. ఇంకోసారి అంతా బాగానే ఉండి చివరి మాట మాయమైంది. కొన్ని సందేశాలు మామూలుగా వస్తాయి, కొన్ని మధ్యలో తెగిపోతాయి. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా ఎన్‌క్రిప్షన్ పద్ధతినే అనుమానిస్తారు. నిజానికి అక్కడ తప్పు దొరకడం బహు అరుదు. 2001లో అమెరికా ప్రమాణంగా వెలువడిన ఏఈఎస్‌నే తీసుకోండి. సరైన కీ (తాళంచెవి లాంటి రహస్య విలువ), చెక్కుచెదరని బైట్లు అందితే అది మూలాన్ని ఒక్క బిట్ కూడా తేడా లేకుండా తిరిగి ఇస్తుంది. తప్పు దాని గడపల దగ్గర జరుగుతుంది: అక్షరాలు బైట్లుగా మారేచోట, ఆ బైట్లు ప్రయాణించే దారిలో, అవి మళ్లీ అక్షరాలయ్యేచోట. ఏ గడప దగ్గర పాడైందో చెదిరిన తీరే చాలావరకు చెబుతుంది.

ఏఈఎస్‌కి అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి 0 నుంచి 255 వరకు ఉండే సంఖ్యలు, అంటే బైట్లు మాత్రమే. అక్షరాలను బైట్లుగా మార్చే పని యూటీఎఫ్-8 లాంటి ఎన్‌కోడింగ్‌ది. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన ఈ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ‘అ’ అంటే 224, 176, 133. ‘తెలుగు’ అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు గుర్తులు, మొత్తం 18 బైట్లు. ఈ 18 గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

రాసేటప్పుడు ఒక ఎన్‌కోడింగ్, చదివేటప్పుడు ఇంకోటి వాడితే వచ్చే చెదురు తేలిగ్గా గుర్తుపట్టవచ్చు. యూటీఎఫ్-8లో రాసిన తెలుగును లాటిన్-1గా (పశ్చిమ ఐరోపా భాషల పాత ఎన్‌కోడింగ్‌గా) చదివితే, నెత్తిన చిన్న గీత ఉన్న లాటిన్ ‘a’ ప్రతి మూడు గుర్తులకొకసారి కనిపిస్తుంది. అది 224కి లాటిన్-1 ఇచ్చే రూపం. ఇది నయమయ్యే జబ్బే, ఎందుకంటే బైట్లు పోలేదు, చదవడమే తప్పింది. మామూలు ప్రశ్నార్థకాల వరస కనిపిస్తే మాత్రం పరిస్థితి వేరు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాలకే చోటున్న ఆస్కీ ఎన్‌కోడింగ్‌లో ఇరికించబోతే చాలా లైబ్రరీలు ప్రతి గుర్తునూ ప్రశ్నార్థకం చేసేస్తాయి. అంటే ఎన్‌క్రిప్షన్‌కి వెళ్లకముందే మాట పోయింది.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే తప్పు ఒకటుంది: ఎన్‌క్రిప్ట్ అయి వచ్చిన బైట్లను నేరుగా స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరసగా మార్చడం. ఆ బైట్లు ఏ క్రమమూ లేని సంఖ్యల్లా ఉంటాయి, అలా ఉండటమే వాటి బలం. యూటీఎఫ్-8కి మాత్రం కచ్చితమైన నియమాలున్నాయి. 128 నుంచి 191 వరకు ఉన్న బైటుతో ఏ గుర్తూ మొదలుకాకూడదు. 245 నుంచి 255 వరకు ఉన్నవి అసలు రానేకూడదు. నియమం తప్పిన బైటు ఎదురైతే, బైట్లను అక్షరాలుగా మార్చే డీకోడర్ సాధారణంగా దాన్ని తీసేసి, నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం ఉన్న గుర్తును పెడుతుంది. 150 ఉన్నా 250 ఉన్నా పెట్టేది అదే గుర్తు. అక్కడ ఏ సంఖ్య ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు, సరైన కీ చేతిలో ఉన్నా సరే. ఏఈఎస్ ఒక్కో బ్లాకు 16 బైట్లు. ఆ పదహారూ ఏ గొడవా లేకుండా 128 లోపే పడే అవకాశం 65,536లో ఒకటి. దాచిన డేటాలో 239, 191, 189 అనే మూడు బైట్లు పదేపదే కనిపిస్తే ఇదే జరిగిందని నిర్ధారించుకోవచ్చు. అవి ఆ వజ్రం గుర్తు బైట్లు. అక్కడితో డీక్రిప్ట్ కోడును దిద్దే ప్రయత్నం ఆపేసి, మూల సందేశం ఉంటే మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయడమే దారి.

ఇలా జరగకుండా ముందే వాడాల్సిన మందు బేస్64 అనే రాత పద్ధతి. మూడేసి బైట్లను నాలుగు భద్రమైన గుర్తులుగా రాస్తుంది కాబట్టి 32 బైట్లు 44 గుర్తులవుతాయి. దీన్ని వెబ్ చిరునామాలో పంపితే ప్లస్ గుర్తు అవతల ఖాళీగా మారిపోవచ్చు. అందుకే ప్లస్‌కి బదులు హైఫన్, స్లాష్‌కి బదులు అండర్‌స్కోర్ వాడే రకం వేరుగా ఉంది.

అప్పుడప్పుడు మాత్రమే తెగిపోయే సందేశాల వెనుక తరచు సున్నా బైటు ఉంటుంది. సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగ్ సున్నాతో ముగుస్తుంది. 32 బైట్ల గూఢపాఠంలో, అంటే ఎన్‌క్రిప్ట్ అయి వచ్చిన బైట్లలో, ఎక్కడో ఒకచోట సున్నా ఉండే అవకాశం దాదాపు 12 శాతం. పొడవును విడిగా తీసుకెళ్లకుండా స్ట్రింగ్ ఫంక్షన్‌తో కొలిస్తే ఆ సున్నా దగ్గరే ఆగిపోతుంది. పరీక్షించినప్పుడు పనిచేసి వాడుకలో విఫలమయ్యే తప్పుల్లో ఇది చాలా మొండిది.

ఇక 16 సంగతి. ఏఈఎస్‌ను వాడే సీబీసీ అనే విధానంలో ప్రతి బ్లాకునూ దాని ముందరి గూఢ బ్లాకుతో కలుపుతారు. మొదటిదాన్ని మాత్రం ఐవీ అనే ఆరంభ విలువతో కలుపుతారు. డీక్రిప్ట్ చేసేటప్పుడు ఐవీ తప్పితే మొదటి 16 బైట్ల పరిధిలోనే తేడా వస్తుంది, తక్కినవి నిక్షేపంగా ఉంటాయి. మధ్యలో ఒక బ్లాకంతా చెదిరి, తర్వాతి బ్లాకులో ఒక్క బిట్ మారితే గూఢపాఠంలోనే ఒక బిట్ తారుమారైందని అర్థం. కీ తప్పితే అంతా పోతుంది. సాధారణంగా ప్యాడింగ్ (చివరి బ్లాకును 16 బైట్లకు నింపే అదనపు బైట్లు) దోషం అని సందేశం వస్తుంది కానీ, దాదాపు 256లో ఒకసారి అది కూడా రాకుండా చెత్తే బయటికొస్తుంది. కాబట్టి ప్యాడింగ్ దోషం అని కనిపించగానే ప్యాడింగ్‌ను మార్చబోకండి, ముందు రెండువైపులా కీ బైట్లను పోల్చండి.

ఆ కీ బైట్లలోనూ అక్షరాల చిక్కు ఉంది. 32 బైట్ల కీ కావాలంటే 32 తెలుగు గుర్తులు ఇస్తే 96 బైట్లవుతాయి. పాస్‌వర్డ్‌లో ఐత్వం ఉంటే ఇంకో ఇబ్బంది: యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, కింది గుర్తు కలిపి రెండుగానూ రాయవచ్చు. చూడటానికి తేడా లేదు, బైట్లు వేరు, వాటి నుంచి పుట్టే కీ వేరు. పాస్‌వర్డ్‌ను యూనికోడ్ నిర్ణయించిన ఒకే రూపానికి తెచ్చాకే దాని నుంచి కీ తయారుచేయాలి. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో అయితే ఎన్‌కోడింగ్ పేరు చెప్పకపోతే యంత్రాన్నిబట్టి బైట్లు మారిపోయేవి; 2022లో వచ్చిన 18వ వెర్షన్‌తో గానీ యూటీఎఫ్-8 అంతటా సహజ ఎంపిక కాలేదు.

ఇప్పుడు ఆ 18 దగ్గరికి వద్దాం. ‘తెలుగు’ను డీక్రిప్ట్ చేస్తూ ఒక్కో బ్లాకునూ అప్పటికప్పుడే అక్షరాలుగా మారిస్తే, మొదటి 16 బైట్లలో ‘తెలుగ’ వచ్చి, చివరి కొమ్ములోని ఒక బైటు ఒంటరిగా మిగులుతుంది. మిగతా రెండు తర్వాతి బ్లాకులో ఉంటాయి. ఆ మూడూ విడివిడిగా చెల్లవు, కొమ్ము బదులు వజ్రాలు వస్తాయి. ఇంగ్లిష్ వాక్యాలతోనే పరీక్షించేవారికి ఈ తప్పు ఎప్పటికీ కనబడదు. అన్ని బైట్లనూ ఒకచోట చేర్చి, చివర్లో ఒక్కసారే డీకోడ్ చేయాలి.

కొత్తగా రాసే కోడులో సీబీసీకి బదులు జీసీఎం అనే విధానం వాడటం మంచిది. 2007లో ప్రమాణంగా వచ్చిన ఈ విధానం గూఢపాఠంతో పాటు ఒక తనిఖీ ముద్రనూ ఇస్తుంది. ఒక్క బిట్ మారినా చెత్తను చేతిలో పెట్టదు, నిరాకరిస్తుంది. ఉన్న కోడును బాగుచేసేటప్పుడు మాత్రం ప్రతి గడప దగ్గరా బైట్లను సంఖ్యలుగా అచ్చువేసి రెండువైపులా పోల్చాలి. అక్షరాలుగా అచ్చువేస్తే అదే ఇంకో మార్పిడి అవుతుంది. పరీక్షకు 15, 16, 17 బైట్ల పాఠాలు తీసుకోండి. ఏఈఎస్ సీబీసీలో 16 బైట్ల పాఠానికి ప్యాడింగ్ కోసం ఒక బ్లాకు అదనంగా చేరి గూఢపాఠం 32 బైట్లవ్వాలి. 16 బైట్లే వస్తే ఆ వైపు ప్యాడింగ్ ఆపేసి ఉంది.