తాత క్యారియర్‌ల ఏడు సూదులు

దేవరకొండ

చిట్టీ, చిన్నా, ఇద్దరికీ,

మీ అమ్మ కొత్త చున్నీ కత్తిరించి బొమ్మకు లంగా కుట్టిన్రని నిన్న ఫోన్‌ల తెలిసింది. మీ అమ్మ కోపంల ఉన్నది గానీ నేనైతే నవ్వుకున్న. చిన్నప్పుడు అది గూడ నా పెట్టెలున్న పట్టు రైకను ఇట్లనే కత్తిరించింది. ఆ ముచ్చట మీకు చెప్పి ఉండదు, అడగున్రి.

ఇగ కత్తెర ఎట్లాగూ చేతపట్టిన్రు గనక, ముందుగాల నా సామాను ఏడ పెట్టుకుంటనో చెప్త. మీ తాత డ్యూటీకి పట్టుకపోయిన మూడు గిన్నెల స్టీలు క్యారియర్ యాదికున్నదా? ఆయన రిటైరైనంక అది నాదైంది. కింది గిన్నెల దారపు రీళ్ళు, నడిమి దాంట్ల గుండీలు, హుక్కులు, పిన్నీసులు, టేపు. పైదాంట్ల సూదులు. పక్కల క్లిప్పు పడితే పసిపిల్లల చేతికి రాదు. మీ మామ ఇరవై గదులున్న ప్లాస్టిక్ పెట్టె కొనిస్తనన్నడు, వద్దన్న. ఏది ఏ గదిల పెట్టిన్నో వెతుక్కునేటాలకే పొద్దు గూకుతది. పాత అంగీ చింపేముందు గుండీలు కోసి, ఒక్క అంగీవి ఒక్క దారానికి గుచ్చి ముడేస్త. లేకుంటే ఎప్పుడన్న ఒకటే తీరువి ఐదు కావాలంటే నాలుగే దొరుకుతయ్.

సూదుల సంగతి మాత్రం జర నిదానంగ వినున్రి.

మీ అమ్మకు ఆరేండ్లప్పుడు ఒకనాడు రాత్రి బొంత కుడుతుంటే కరెంటు పోయింది. సూదిని బొంతకే గుచ్చి లేచిన. తెల్లారి చూస్తే దారం ఉన్నది, సూది లేదు. పిల్లలను మంచం దిగనియ్యలేదు. మీ తాత ఖరాబైన రేడియో స్పీకర్ విప్పి, దాంట్ల అయస్కాంతం తీసి, దారం కట్టి నేలంత తిప్పిండు. మంచం కోడు కాడ రెండు మొలలు, ఒక పిన్నీసు అంటుకొని వచ్చినయ్. సూది రాలే. మూడోనాడు అదే అయస్కాంతం బొంత మీద తిప్పితే రెండు పొరల నడుమ టక్కున అంటుకున్నది. మూడు రాత్రులు మేమంత దాని మీదనే పండుకున్నం!

ఆనాటి సంది నా కాడ ఏడంటే ఏడే సూదులు. గిన్నె తెరిచినప్పుడు లెక్కపెడ్త, మూసేటప్పుడు లెక్కపెడ్త. దీపం పెట్టినంక సూది అడగొద్దు, ఇయ్యొద్దు అని మా అత్త అంటుండె. చాదస్తం అనుకునేదాన్ని. కిరసనాయిలు బుడ్డి వెలుగుల కింద పడ్డ సూది ఎవరికి కనపడుతది? ఆమె అది చూసే అన్నదేమో.

సూదులు గుచ్చుకునే మెత్తకు దూది పెట్టకున్రి, వానకాలం సెమ్మకు తుప్పు పడుతది. మా ఊర్ల కురుమోళ్ళు గొర్లకు ఉన్ని కత్తిరించేటప్పుడు గుప్పెడు అడిగి తెచ్చుకున్న. కడగని ఉన్నిల నూనె జిడ్డు ఉంటది, అది సూదికి పట్టి తుప్పు రానియ్యదు. వాసన జర గొర్రె వాసనే అనుకో. అలవాటైతది.

దుకాణంల సూది అడిగితే నంబరు చెప్పాలె. ఇక్కడొక తిరకాసున్నది. చేతి సూదికి నంబరు పెరిగినకొద్దీ సన్నబడుతది, మిషను సూదికి నంబరు పెరిగినకొద్దీ లావైతది. మిషనుకు మామూలు నూలు బట్టకైతే 14, జీన్సు ప్యాంటుకు 16. మీ చేతికి 7 నంబరు చాలు. దారం మూరెడే తెంపున్రి, అంటే మోచేతి నుంచి నడిమి వేలు కొసదాక. మళ్ళ మళ్ళ ఎక్కించే బద్ధకానికి బారెడు తెంపితే నాలుగో టాకాకే చిక్కు పడుతది. దారాన్ని ఒక్కసారి కొవ్వొత్తి ముక్క మీద నుంచి లాగున్రి, సాఫుగ పోతది.

ఇగ కుట్టేది. మీ నాయిన పాత అంగీ ఒకటి అడుక్కోన్రి, కత్తిరించే ముందు ఆయనకు చూపించున్రి. దాంతోని దిండు గలేబు కుడదాం. గుండీల పట్టీ ఎట్లాగూ ఉన్నది, జిప్పు కొనే పని లేదు. దిండు 16 అంగుళాల చదరమైతే, పేపరు 17 అంగుళాలు కత్తిరించున్రి. పేపరుకు వేరే కత్తెర, బట్టకు వేరే కత్తెర. నా కత్తెరతోని మీ అమ్మ అట్టలు కత్తిరించిన నాడు ఇంట్ల ఏమైందో అది గూడ అడగున్రి. అంగీ గుండీలన్ని పెట్టి, చాపినట్టు పరిచి, గుండీల పట్టీ నడిమికి వచ్చేటట్టు పేపరు పెట్టి, సుద్దతోని గీసి కత్తిరించున్రి. వీపు దిక్కు అంతే ముక్క ఇంకొకటి. జేబు ఏడనన్న పడితే పడనియ్యున్రి, మన చిన్నోడు దాంట్ల చాక్లెట్ దాసుకుంటడు.

రెండు ముక్కలు మంచి దిక్కు, అంటే బయటికి కనపడే దిక్కు, ఒకదానికొకటి చూసేటట్టు పెట్టి, ఆగున్రి. నడిమి గుండీలు రెండు విప్పున్రి. నేను మొదటిసారి మరిచిపోయి నాలుగు దిక్కుల కుట్టేసిన. గుండీలు లోపలికి పోయినయ్, సంచి తిరగెయ్యనీకి తొవ్వ లేదు. ఒక దిక్కు కుట్టంత విప్పుకున్న. చుట్టు అరంగుళం లోపలికి కుట్టున్రి. సూదిని ఒక టాకా ముందుకు దింపి, పైకి తీసినంక సగం టాకా వెనక్కి వచ్చి మళ్ళ దింపున్రి, అట్ల కుడితే లాగినా ఊడదు. పట్టీ మందం ఉన్నకాడ రెండుసార్లు. మూలలకు కుట్టు అవతలున్న బట్ట కొస కత్తిరిస్తే, తిరగేసినప్పుడు మూల మొనదేలి వస్తది.

గుండీ ఊడితే, గుండీ మీద అగ్గిపుల్ల పెట్టి దాని మీద నుంచి కుట్టున్రి. పుల్ల తీసినంక మిగిలిన వదులు దారాన్ని గుండీ కింద నాలుగుసార్లు చుట్టి ముడేస్తే కాజాల తేలిగ్గ పడుతది.

చేతి సంచి కుట్టాలనుకుంటే పట్టీలు అడ్డం కత్తిరించకున్రి. బట్టల పొడుగునా పోయే పోగు పడుగు, అది సాగదు. అడ్డం పోయేది పేక, జర సాగుతది. ఏటవాలుకు కోసిన్రంటే కిలో టమాటలకే పట్టీ మోకాలు దాక దిగుతది. సంచికి నాకు పోచంపల్లి ముక్క ఇష్టం. వాళ్ళు నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతరు గనక రెండు దిక్కుల ఒకటే తీరు కనపడుతది, ఏది లోపల ఏది బయట అన్న పంచాయతీ లేదు. ఆ నేతకు 2005ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016ల జిల్లాలు విడదీసినంక పోచంపల్లి యాదాద్రి భువనగిరికి పోయింది గానీ నా నోటికి ఇంకా నల్లగొండే వస్తది.

ఎండాకాలం సెలవులకు వస్తే తండాకు తీస్కపోత. లంబాడోళ్ళ ఆడోళ్ళు బట్టకు అద్దాలు కుట్టేది దగ్గరుండి చూడాలె. అద్దానికి బొక్క ఉండదు గదా, మరి ఎట్ల నిలబడుతది? దాని మీద దారాన్ని అడ్డం రెండు, నిలువు రెండు ఏసి చట్రం చేస్తరు. ఆ దారాల్ని పట్టుకొని చుట్టూ కుట్టుకుంట లాగితే చట్రం అంచుకు జరిగి అద్దాన్ని కరిచిపట్టుకుంటది. నాకు నేర్చుకోనీకి నాలుగు అద్దాలు పగిలినయ్.

ఈ ఉత్తరంతోనే కొరియర్‌ల ఉన్ని మెత్త ఒకటి, దానికి గుచ్చి 7 నంబరు సూదులు ఏడు పంపిస్తున్న. విప్పంగనే లెక్కపెట్టి నాకు ఫోన్ చెయ్యున్రి. ఆరు అని చెప్పిన్రో, నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

మీ అమ్మమ్మ