పాత సినిమాకు కొత్త గ్రాఫిక్స్: అపోహలు – వాస్తవాలు

రీ రిలీజ్‌ల జోరు మొదలైనప్పటి నుంచి పాత సినిమాలకు గ్రాఫిక్స్ పని చేసే మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఒక డీవీడీయో, యూట్యూబ్ నుంచి దించిన ఫైలో పట్టుకొని వస్తున్నారు. "దీన్ని 4కే చేసి, క్లైమాక్స్‌లో మెరుపులు కొత్తవి పెట్టండి" అంటారు. నెగెటివ్, అంటే షూటింగ్‌లో కెమెరాలో నడిచిన అసలు ఫిల్ము, ఎక్కడుందని అడిగితే, "అదెందుకండీ, ఇప్పుడంతా కంప్యూటరే కదా" అంటారు.

అపోహ: ఏ కాపీ ఉన్నా చాలు, మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

వాస్తవం: చూసుకోదు. డీవీడీ ఫ్రేమ్ మహా అయితే 720×576, అంటే 4 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. థియేటర్‌లో వేసే 4కే ఫ్రేమ్‌లో 88 లక్షల దాకా ఉంటాయి. ఆ తేడా అంతా సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. అందుకే క్లోజప్‌లో హీరో ముఖం మైనం పూసినట్టు నున్నబడుతుంది, వెనక నిలబడిన జూనియర్ ఆర్టిస్టుల ముఖాలు చెదిరిపోతాయి. దాని మీద పదునైన కొత్త మెరుపు పెడితే సినిమాలో కలవదు, విడిగా కనిపిస్తూనే ఉంటుంది. 35 ఎం.ఎం. నెగెటివ్ స్కాన్ చేతిలో ఉంటే మేం పెట్టే సీజీకి (కంప్యూటర్ గ్రాఫిక్స్‌కి) ఆ ఫిల్ము గ్రెయినే, అంటే ఫిల్ము మీద కనిపించే సన్నని రేణువుల తీరే, ఇస్తాం, కెమెరా గేటులో ఫిల్ము అదిరిన ఆ చిన్న వణుకునూ ఇస్తాం. కన్ను నమ్మేది అప్పుడే.

ఒక నిర్మాత కుటుంబం ఇక పనికిరావనుకొని నెగెటివ్ డబ్బాలను వదిలించుకున్నాక మా దగ్గరికి వచ్చింది. వాళ్లు తెచ్చిన హార్డ్‌డిస్కులో ఉన్నది ఎప్పుడో టీవీ కోసం చేయించిన టేపు కాపీ. ఇంతకంటే స్పష్టమైన బొమ్మ ఇక రాదని ఆ కొడుక్కి చెప్పడం నాకు చాలా కష్టమైంది. అది ఆయన తండ్రి తీసిన సినిమా. ఆయనను తప్పుపట్టలేను. ల్యాబులు మూతపడి డబ్బాలు ఇంటికి చేరాక, గదంతా వెనిగర్ వాసన కొడుతుంటే ఎవరికైనా భయమే. కానీ ఆ వాసనకు అర్థం ఫిల్ము పాడవడం మొదలైందని, అంతా అయిపోయిందని కాదు. ఆ రీళ్లను మిగతావాటికి దూరంగా, చల్లని పొడి చోట ఉంచి వెంటనే స్కానింగ్‌కు ఇవ్వండి. నెగెటివ్ పోయినా థియేటర్ ప్రింటు దొరికితే, అది టేపు కంటే ఎంతో మేలు.

అపోహ: మార్పులు చేస్తే అసలు సినిమా పోతుంది.

మేం పనిచేసేది స్కాన్ చేసిన ఫైళ్ల మీద. 2010లో రంగుల 'మాయాబజార్' వచ్చినా 1957 నాటి నలుపు తెలుపు చిత్రం అలాగే ఉంది. స్పీల్‌బర్గ్ 2002లో 'ఈ.టి.'లో ఏజెంట్ల తుపాకులు తీయించి వాకీటాకీలు పెట్టించారు, తర్వాత అలా చేయకుండా ఉండాల్సిందని తానే అన్నారు. అసలు రూపం భద్రంగా ఉంది కాబట్టే 2012 బ్లూరేలో దాన్నే ఇచ్చారు. కాబట్టి మార్పులు లేని స్కాన్ కాపీ ఒకటి మీకు అప్పగించాలని ఒప్పందంలో రాయించుకోండి.

అపోహ: పాత ఎఫెక్టు తీసి కొత్తది పెట్టడం చిటికెలో పని.

పాత మెరుపు విడి లేయరుగా (పొరగా) ఉండదు, ఫ్రేములోనే కలిసిపోయి ఉంటుంది. అది ముఖం మీద పడి ఉంటే, తీసేశాక ఆ చోట ముఖాన్ని మళ్లీ గీయాలి, అదీ ఫ్రేము ఫ్రేముకూ. సెకనుకు 24 చొప్పున 10 సెకన్ల షాట్ అంటే 240 ఫ్రేములు.

ఇక ఏఐ వచ్చింది, ఖర్చే ఉండదన్న పుకారు. గీతలు, దుమ్ము తీయడంలో అది సాయపడుతుంది, నిజమే. కానీ పెళ్లి సీనులో తలంబ్రాలను కూడా దుమ్మనుకొని చెరిపేయగలదు. ప్రతి షాటూ మనిషి కూర్చొని చూడాల్సిందే, ఆ మనిషికి జీతం ఇవ్వాల్సిందే.