కంప చెట్టు పొగ, ఓక్ చెట్టు పొగ

డాలస్‌కి వచ్చిన కొత్తలో మా పెరట్లో నేను చేసిన మొదటి బార్బెక్యూ మా స్నేహితుల మధ్య ఇప్పటికీ ఓ జోకు. చవగ్గా వస్తున్నాయని ఓ పెద్ద బస్తా మెస్కీట్ చెక్కలు కొన్నాను. కోడికి మసాలా పట్టించి, గ్రిల్ మూత బిగించి, గాలి రంధ్రాలు కూడా మూసేసి, ఐదు గంటలు ఆ పొగలోనే ఉంచాను. పొగ ఎంత ఎక్కువైతే రుచి అంత ఎక్కువ అని నా లెక్క. మూత తీసేసరికి కోడి నల్లగా నిగనిగలాడుతోంది. ముక్క నోట్లో పెట్టుకుంటే కాకరకాయే నయమనిపించింది, పైగా నాలుక మొద్దుబారింది. ఆ రాత్రి వచ్చినవాళ్ళందరం పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని లేచాం.

ఆ మెస్కీట్ ఏమిటో తర్వాత తెలిసి నవ్వొచ్చింది. అది మన కంప చెట్టుకి, అంటే సర్కారు తుమ్మకి, స్వయానా పెదనాన్న బిడ్డ. టెక్సాస్‌లో మొలిచేది ప్రోసోపిస్ గ్లాండులోసా, మన దగ్గర చెరువు గట్ల మీదా బీడు భూముల్లోనూ అల్లుకుపోయినది ప్రోసోపిస్ జూలిఫ్లోరా. వంటచెరకు కొరత తీరుతుందని మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో దాని విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. మరుసటి ఏడాది కడప జిల్లా కమలాపురంలో నాటారు. సర్కారు తెచ్చిన చెట్టు కనక సర్కారు తుమ్మ. ఆ జిల్లాలో పుట్టి పెరిగిన నేను సగం భూగోళం చుట్టి వచ్చి, డాలర్లిచ్చి మళ్ళీ కంపే కొనుక్కున్నాను!

చిన్నప్పుడు మా ఊరి పొలిమేరలో కంప కొట్టి బొగ్గు కాల్చేవాళ్ళు. కట్టెల్ని గుండ్రంగా పేర్చి, పైన ఆకూ అలమూ కప్పి, మట్టి మెత్తి, అడుగున చిన్న చిన్న కన్నాలు వదిలి నిప్పు పెట్టేవారు. మొదట తెల్లటి పొగ దట్టంగా వచ్చేది. అది చాలావరకు నీటి ఆవిరి. తర్వాత పొగ పసుపు తిరిగి, కళ్ళు మండేంత ఘాటుగా మారేది. రోజులు గడిచాక ఎప్పుడో పలచగా, నీలంగా అయ్యేది. అప్పుడు బట్టీ దగ్గరి మనిషి లేచి కన్నాలన్నీ మూసేసేవాడు. థర్మామీటర్ లేదు, గడియారం లేదు. పొగ రంగు చూసి చెప్పేవాడు, లోపల కట్టె బొగ్గయిందో లేదో.

పెరటి బార్బెక్యూలో బొగ్గు ఎంపిక గురించి నాకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఆ బట్టీలోనే ఉంది. కట్టెలో మూడు పెద్ద పదార్థాలుంటాయి: సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. గాలి సరిగ్గా అందకుండా వేడి చేస్తే ఇవి మండవు, విరిగిపోతాయి. హెమిసెల్యులోజ్ 200 డిగ్రీల సెల్సియస్ దాటితే విరగడం మొదలవుతుంది. సెల్యులోజ్‌కి 300 పైన కావాలి. లిగ్నిన్ ఇంకా మొండిది, 500 దాకా మెల్లమెల్లగా విరుగుతూనే ఉంటుంది. విరిగిన ముక్కలే పొగలోని వాసనలు. అవన్నీ బట్టీ కన్నాల్లోంచి రోజుల తరబడి గాల్లో కలిసిపోయాక మిగిలేది దాదాపు కార్బన్ ఒక్కటే. నాలుగైదు కిలోల కట్టె కాలిస్తే కిలో బొగ్గు వస్తుంది. వాసనంతా బట్టీ దగ్గరే పోయింది, బస్తాలోకి వేడి మాత్రం ఎక్కింది. అందుకే సంచీ మీద మెస్కీట్ బొగ్గు, హికరీ అనే చెట్టు బొగ్గు అని ఎంత గొప్పగా రాసినా, పూర్తిగా కాలిన బొగ్గయితే రుచిలో తేడా దాదాపు ఉండదు. సరిగ్గా కాలని గోధుమరంగు ముక్కలు నాలుగు అందులో కలిస్తే ఆ చెట్టు వాసన కాస్త తగులుతుంది, అంతే.

మరి బొగ్గుల మీద కాల్చిన మాంసానికి గ్యాసు మీద రాని ఆ రుచి ఎక్కడిది? ఎక్కువ భాగం మాంసానిదే. కొవ్వూ రసమూ కరిగి, ఎర్రటి కణికల మీద పడి, చుర్రుమని ఆవిరై, ఆ ఆవిరి మళ్ళీ పైకి లేచి ముక్కకే అంటుకుంటుంది. హైదరాబాదు వంటిళ్ళలో దమ్ కా ముర్గ్‌కి చేసే పని ఇదే కదా: గిన్నె మధ్యలో చిన్న కటోరీ, అందులో ఎర్రగా కాలిన బొగ్గు, దాని మీద ఓ చెంచా నెయ్యి, వెంటనే మూత. ఆ వాసన నెయ్యి ఇచ్చింది. బొగ్గు దాన్ని కాల్చిపెట్టింది.

బొగ్గు నుంచి రుచి ఆశించక్కర్లేదని తేలాక ఎంపిక తేలిక. అమెరికా దుకాణాల్లో రెండు రకాలు ఎదురవుతాయి. ఒకటి లంప్, అంటే కట్టె ఆకారం పోని అసలు బొగ్గు. త్వరగా అంటుకుంటుంది, గాలి తగిలితే భగ్గుమంటుంది, బూడిద తక్కువ. ముక్కలు మాత్రం ఓ సైజులో ఉండవు, అడుగున సగం పొడే. రెండోది బ్రికెట్, దిండులా ఒత్తిన బిళ్ళ. బొగ్గుపొడిని గంజితో కలిపి అచ్చు వేస్తారు. కొన్ని కంపెనీలు రాక్షసి బొగ్గు పొడి, సున్నపురాయి కూడా కలుపుతాయి. బూడిద ఎక్కువే, కానీ అన్నీ ఒకే సైజు కాబట్టి గంటల తరబడి ఒకే తీరున కాలతాయి. ఎనిమిది గంటల వంటకి నేను బ్రికెట్లే వాడతాను. లంప్ బొగ్గంటే ప్రాణం పెట్టేవాళ్ళకి ఈ మాట నచ్చదు.

ఈ బిళ్ళల వెనక కార్ల కథ ఉంది. హెన్రీ ఫోర్డ్ మోడల్ టి కార్లలో కలప చాలా వాడేవాడు. మిషిగన్‌లోని ఆయన రంపపు మిల్లుల్లో చెక్కముక్కలు, పొట్టు గుట్టలు పడేవి. దేన్నీ వృథా పోనివ్వని మనిషి ఫోర్డ్. 1920ల్లో ఆ పొట్టుని బొగ్గు చేసి, బిళ్ళలుగా ఒత్తించి, తన కార్ల డీలర్ల దగ్గరే అమ్మించాడు. ఆ వ్యాపారం 1951లో చేతులు మారి కింగ్స్‌ఫోర్డ్ అన్న పేరు తెచ్చుకుంది. మరుసటి ఏడాదే షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తాను పనిచేసే వెబర్ బ్రదర్స్ వర్క్‌షాపులో, నీళ్ళ మీద తేలే లోహపు బోయాను రెండు భాగాలుగా కోసి మూత ఉన్న గుండ్రటి గ్రిల్ తయారుచేశాడు. అమెరికా పెరట్లో బార్బెక్యూ ఇంటింటి వ్యవహారం కావడంలో ఈ రెండింటి వాటా పెద్దది.

అన్నిటికంటే శుద్ధమైన బొగ్గు కావాలంటే జపాన్ వెళ్ళాలి. వాకాయామా ప్రాంతంలో ఉబమే ఓక్‌తో చేసే బించోతాన్ అది. చివర్లో వేడిని 1000 డిగ్రీల దాకా పెంచి, ఎర్రగా ఉండగానే బయటికి లాగి, తడి మట్టీ బూడిదా కప్పి ఆర్పుతారు. రెండు ముక్కలు తట్టిస్తే ఖంగుమని లోహంలా మోగుతాయి. పొగా వాసనా దాదాపు ఉండవు. దాన్ని అంత డబ్బు పోసి కొనేది అందుకే.

బొగ్గు దగ్గర రుచి చెడేది ముట్టించేటప్పుడు. కిరోసిన్ లాంటి ద్రవం పోసి అంటించి, ఆ వాసన పోకముందే ముక్కలు పరిస్తే ఇక ఏ కట్టె వేసినా లాభం లేదు. చిమ్నీ అని ఇనప గొట్టం దొరుకుతుంది. అడుగున కాగితం, పైన బొగ్గు, ఓ అగ్గిపుల్ల, పావుగంట చాలు. పైన తెల్లటి పొర కమ్మేదాకా ఆగాలి. మనవాళ్ళు నివురు గప్పిన నిప్పు అనేది దీన్నే. చూడ్డానికి చల్లారినట్టుంటుంది గానీ చెయ్యి పెట్టలేం. మొక్కజొన్న కంకులు కాల్చే అవ్వ విసనకర్ర ఆపి కంకి పెట్టేది కూడా అప్పుడే.

ఇక కట్టె. పొగ రుచి కావాలంటే బొగ్గుల మీద కాలని కట్టెముక్క వెయ్యాలి. కంపెనీలు దాన్ని చిన్న పేళ్ళుగానూ, పిడికెడంత ముక్కలుగానూ అమ్ముతాయి. పేళ్ళు నిమిషాల్లో అయిపోతాయి, ముక్కలు గంట దాకా వస్తాయి. పొగలో నాలుకకి తగిలే ఆ రుచి ప్రధానంగా గ్వాయకాల్ అనే పదార్థానిది. ముక్కుకి తగిలేది ఎక్కువగా సిరింగాల్. రెండూ లిగ్నిన్ విరిగితే పుట్టేవే. కాఫీ గింజలు వేయించేటప్పుడూ గ్వాయకాల్ పుడుతుంది. లిగ్నిన్‌లోంచే వెనిలా పరిమళానికి మూలమైన వెనిలిన్, లవంగం వాసనిచ్చే యూజెనాల్ కూడా వస్తాయి. సెల్యులోజ్, హెమిసెల్యులోజ్ చక్కెరల గొలుసులు కాబట్టి అవి విరిగితే పాకం వాసన, మాంసానికి ఎర్రటి గోధుమరంగు. అంటే కట్టెలో ఓ మసాలా డబ్బా ఉందన్నమాట.

ఓక్, హికరీ లాంటి వెడల్పాకుల చెట్ల లిగ్నిన్ నుంచి గ్వాయకాల్, సిరింగాల్ రెండూ వస్తాయి. పైన్ లాంటి సూదాకుల చెట్లలో సిరింగాల్‌కి ముడిసరుకు దాదాపు లేదు. పైగా వాటి జిగురు మండితే మసి. అందుకే పైన్ వద్దంటారు. చైనాలో లాప్సాంగ్ సూచాంగ్ తేయాకుని మాత్రం పైన్ పొగలోనే ఆరబెడతారు. ఆ టీ నాకు ఎక్కలేదు.

ఏ చెట్టు అన్నది చాలాచోట్ల రుచి కంటే ముందు భూగోళం తేల్చిన సంగతి. ఆస్టిన్, లాక్‌హార్ట్ చుట్టుపక్కల మధ్య టెక్సాస్‌లో పోస్ట్ ఓక్ విరివిగా ఉంది. 19వ శతాబ్దంలో అక్కడ స్థిరపడ్డ జర్మన్, చెక్ కసాయివాళ్ళు మిగిలిన మాంసానికి ఆ పొగే పట్టించారు. పడమటికి, దక్షిణానికి పోతే మెస్కీట్. కరొలినా రాష్ట్రాల్లో పందిమాంసానికి హికరీ, ఓక్. పసిఫిక్ తీరంలో ఉత్తరాన సాల్మన్ చేపకి ఆల్డర్. కాలిఫోర్నియాలోని సాంటా మరియాలో రెడ్ ఓక్. హవాయిలో కియావే అనే చెట్టు, 1828లో హొనొలులూలో ఒక ఫ్రెంచ్ పాదిరీ నాటిన ఆ జాతి కూడా మన కంపకి చుట్టమే. ఎవరి దగ్గర ఏ చెట్టుంటే దాని పొగే వాళ్ళకి అసలైన పొగ.

ఆపిల్ కట్టె తియ్యగా ఉంటుందనీ, చెర్రీ పళ్ళ వాసన ఇస్తుందనీ సంచీల మీద రాస్తారు. నేను నమ్మను. పండు రుచి పండులో ఉంటుంది, చేవలో ఉండదు. కళ్ళు మూసి తినిపిస్తే ఓక్‌కీ, పెకాన్‌కీ తేడా చెప్పగలిగినవాళ్ళని మా పెరట్లో ఇంతవరకు చూడలేదు. పెకాన్, హికరీ ఎలాగూ ఒకే ప్రజాతి చెట్లు. ఘాటులో తేడా మాత్రం నిజం. పండ్ల చెట్లు తేలిక, ఓక్ మధ్యస్థం, హికరీ గట్టి, మెస్కీట్ అన్నిటికంటే ఘాటు. చింతనిప్పులు చెరిగినట్టు మండే కట్టె అది. పది నిమిషాల్లో అయిపోయే పల్చటి మాంసానికి దాన్ని మించింది లేదు. ఐదు గంటల కోడికి అది శిక్ష.

అయితే నా కోడిని చెడగొట్టింది మెస్కీట్ ఒక్కటే కాదు, నేను మూసేసిన గాలి రంధ్రాలు కూడా. గాలి చాలకపోతే కట్టె మండక ఉడికిపోయి, తారు తుంపరలతో నిండిన తెల్లటి పొగ కక్కుతుంది. అదే మాంసం మీద నల్లటి చేదు పూత. గాలి ఆడుతూ చిన్న మంట నిలబడితే ఆ తారులో చాలా భాగం కాలిపోతుంది. మిగిలిన కణాలు వెలుతురు తరంగం కంటే చిన్నవి కావడంతో నీలికాంతిని ఎక్కువ చెదరగొడతాయి, పొగ పలచగా నీలంగా కనిపిస్తుంది. ఆకాశం నీలంగా ఉండడానికీ కారణం ఇలాంటిదే. మా ఊరి బట్టీ మనిషి నీలి పొగ కోసం కాచుకున్నది కన్నాలు మూయడానికి, నేనిప్పుడు కాచుకునేది మాంసం లోపల పెట్టడానికి.

చెక్కల్ని నీళ్ళలో నానబెట్టమనే సలహా అందుకే దండగ. గట్టి కట్టె అరగంటలో పీల్చే నీరు చాలా తక్కువ, ఆ కాస్తా ఆవిరయ్యేదాకా పొగ రుచి మొదలవదు. కావలసింది ఎండిన కట్టె. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. నెలల తరబడి ఆరి తేమ 20 శాతం లోపుకి దిగాకే పొయ్యికి పనికొస్తుంది. కట్టెల పొయ్యి ఊదిన అమ్మలకి ఇది చెప్పక్కర్లేదు.

మాంసం వైపు నుంచి ఒక కిటుకు: పొగ చల్లటి, తడి ఉపరితలానికే బాగా అంటుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టండి, రుచి పట్టేది ఎక్కువగా మొదటి గంటల్లోనే. ముక్క కోస్తే అంచున కనిపించే గులాబీరంగు వలయాన్ని చూసి మురిసిపోతారు గానీ, అది పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని చేసిన రంగు మాత్రమే. దానికి రుచి లేదు.

రంగు వేసిన చెక్క, పాత ఫర్నిచర్, సరుకులు పేర్చే ప్యాలెట్ల నుంచి ఊడదీసిన, ఎక్కడిదో తెలియని చెక్క పొయ్యిలో పెట్టకండి. 2003 దాకా అమెరికాలో ఇళ్ళకి వాడిన, పుచ్చకుండా మందు పట్టించిన కలపలో ఆర్సెనిక్ ఉండేది. గన్నేరు కొమ్మ వద్దని తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా? వాన వచ్చిందని గ్రిల్‌ని గ్యారేజీలోకి జరపడం ఇంకా ప్రమాదం. బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని లేవని కుటుంబాల వార్తలు మన చలికాలం పత్రికల్లో చదువుతూనే ఉంటాం.

ఇప్పుడు మా పెరట్లో లెక్క ఇది: వేడికి బ్రికెట్లు, పొగకి రెండు పోస్ట్ ఓక్ ముక్కలు, పుట్టిన జిల్లా మీద మమకారం కొద్దీ చివర్లో ఓ చిన్న మెస్కీట్ చెక్క. రంధ్రాలు సగానికి పైగా తెరిచే ఉంటాయి. గ్వాయకాల్ బట్టలకి కూడా అంతే ఇష్టంగా అంటుకుంటుంది కనక, తీగ మీద ఆరేసినవన్నీ లోపలికి చేరాయని మా ఆవిడ కేక వేసేదాకా అగ్గిపుల్ల గీయను.