నల్లమలసాగర్: గ్యాపులు ముందు మూశారు, సొరంగం తర్వాత తవ్వారు

పోలవరం నుంచి గోదావరి వరద నీటిని బనకచర్లకు తరలించే ప్రతిపాదనను 2025 జూన్ 30న కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ వెనక్కి పంపింది. ఆ తర్వాత కొద్ది నెలలకే గమ్యం మారింది, పథకం పేరు పోలవరం-నల్లమలసాగర్ అయింది. దాని మీద తెలంగాణ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పట్నుంచి టీవీ చర్చల్లో నల్లమలసాగర్ పేరు ఎలా వాడుతున్నారంటే, అదేదో శ్రీశైలం లాగా ఏళ్ల తరబడి నిండుతూ ఖాళీ అవుతూ ఉన్న జలాశయం అనుకుంటారు వినేవాళ్లు. నిజానికి అది వెలిగొండ ప్రాజెక్టు జలాశయం, శ్రీశైలం నుంచి సొరంగాల్లో కృష్ణ నీళ్లు తెచ్చి నింపాల్సింది. ఆ నీళ్లతో అది ఇంతవరకూ ఒక్కసారి కూడా నిండలేదు. నిండాల్సిన చోట ఇంకా ఊళ్లున్నాయి.

ఆ చోటు ఎలా ఉంటుందో ముందు చూడాలి. దోర్నాల నుంచి మార్కాపురం వైపు వస్తుంటే పడమట నల్లమల పెద్ద కొండలు, వాటికి తూర్పుగా ఇంకో కొండల వరస. రెండింటి మధ్య పొడుగాటి లోయ. వానాకాలంలో నల్లమల నుంచి దిగే వాగులు తూర్పు వరసను మూడు చోట్ల కోసుకుని బయటకు వస్తాయి. పెద్దారవీడు మండలంలో సుంకేశుల, మార్కాపురం మండలంలో గొట్టిపడియ, అర్ధవీడు మండలంలో కాకర్ల. ఇంజినీర్లు వీటిని గ్యాపులన్నారు, ఇప్పుడు ఊళ్లవాళ్లూ అదే మాటంటారు. ఈ మూడింటినీ మూస్తే లోయ మొత్తం చెరువవుతుంది. నిల్వ 53.85 టీఎంసీలు. అంత నీళ్లు ఆపడానికి నది మీద కట్టే కిలోమీటర్ల పొడవు ఆనకట్ట అక్కర్లేదు, రెండు వైపులా రాతి భుజాలున్న మూడు ఇరుకు సందులకు అడ్డం పెడితే చాలు. డిజైన్ గదిలో కూర్చున్నవాళ్లకు ఇంతకన్నా చవకైన జలాశయం దొరకదు. చిక్కల్లా ఒకటే. లోయలో దిగే వాగులు చిన్నవి, వాటి నీళ్లతో అది నిండదు. కృష్ణ నుంచి తేవాల్సిందే.

వెలిగొండకు 1996 శంకుస్థాపన, దానికి ముందు పూల సుబ్బయ్య లాంటి కమ్యూనిస్టు నేతలు నడిపిన ఉద్యమాలు, ఎన్నికల్లో వెలిగొండ మీద పడిన ఓట్లు ఇక్కడ అందరికీ తెలిసినవే. కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు 1970లో కొత్త ఒంగోలు జిల్లాలోకి రావడం, అదే తర్వాత ప్రకాశం కావడం, ఇప్పుడు మార్కాపురం విడిగా జిల్లా కావడం కూడా అంతే. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే చూడాల్సింది 2004 తర్వాత పనులు పంచిన తీరు.

అప్పటి ప్రభుత్వం సాగునీటి ప్రాజెక్టుల కోసం మొదలుపెట్టిన జలయజ్ఞంలో వెలిగొండను ప్యాకేజీలుగా విడగొట్టారు. సొరంగాలు కొందరికి, గ్యాపు డ్యాములు ఇంకొకరికి, కాలువలు ముక్కలు ముక్కలుగా మరికొందరికి. ఒకదాని కోసం ఇంకొకటి ఆగకుండా అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. డిజైన్, నిర్మాణం రెండూ కాంట్రాక్టరువే అనే పద్ధతి కనుక ఎవరి పని ఎక్కడ సులువైతే అక్కడ ముందు బిల్లు అవుతుంది. గ్యాపులు ఎండిన నేల, పక్కనే రాయి, రోడ్డు దగ్గర. కాంక్రీటు త్వరగా లేచింది. సొరంగాల కన్నా చాలా ముందే మూడు డ్యాములూ నిలబడ్డాయి. డ్యాము కట్టాలంటే దాని వెనక భూమి తీసుకోవాలి గనుక భూసేకరణ కూడా డ్యాముతో పాటే నడిచింది, సొరంగంతో కాదు. నీళ్లు రావడానికి దాదాపు రెండు దశాబ్దాల ముందే లోయ కాగితం మీద ముంపయింది. తర్వాత వచ్చిన గొడవలన్నిటికీ మూలం ఇక్కడుంది.

సొరంగం ఎందుకు ఆలస్యమైందో కాంట్రాక్టర్ల కథగానే చెబుతుంటారు. అందులో నిజం లేకపోలేదు గానీ అసలు కారణం ఆ చోటి భౌగోళిక పరిస్థితి. శ్రీశైలం జలాశయం వెనక కొల్లంవాగు దగ్గర నీరు తీసుకుని దోర్నాల పక్కన కొత్తూరు దగ్గర బయటకు వదలాలి. మధ్యలో 18.8 కిలోమీటర్లు నల్లమల, అదీ పులుల అభయారణ్యం. మామూలుగా ఇంత పొడవు సొరంగానికి మధ్యలో పక్క నుంచి ఆడిట్లు (చిన్న పక్క సొరంగాలు) తవ్వుతారు. నాలుగైదు ముఖాల్లో పని ఒకేసారి సాగుతుంది, మట్టి బయటకు పోతుంది, గాలి లోపలికి వస్తుంది. అభయారణ్యంలో ఆ వీల్లేదు. అందుకే టీబీఎం (సొరంగం తొలిచే యంత్రం) తెచ్చి కొత్తూరు వైపు నుంచి తొలిచారు. ముందుకు వెళ్లేకొద్దీ తవ్విన రాయి ప్రతి ముక్కా వచ్చిన దారినే కన్వేయర్ మీద వెనక్కి రావాలి. గట్టి రాయిలో యంత్రం బాగానే తొలుస్తుంది. పగుళ్లుబారిన వదులు రాయి తగిలినప్పుడే తంటా. పైనుంచి రాళ్లు జారి యంత్రం షీల్డు మీద పడి బిగుసుకుంటాయి, ముందు రాయిని కోసే కట్టర్ హెడ్ తిరగదు. అప్పుడు మనుషులు పక్క నుంచి చిన్న దారి తవ్వుకుని ముందుకెళ్లి, వదులు రాయిని గ్రౌటింగ్‌తో (పగుళ్లలోకి సిమెంటు పాలు ఎక్కించి) గట్టిపరిచి, యంత్రాన్ని విడిపించాలి. ఒక్కోసారి దానికే నెలలు పడుతుంది. మొదటి సొరంగం వ్యాసం 7 మీటర్లు, రెండోది 9.2 మీటర్లు. రంధ్రం పెద్దదయ్యేకొద్దీ పైకప్పు కూలే ముప్పూ పెరుగుతుంది. రెండోదాంట్లో చివరికి కొంత పొడవు డ్రిల్లింగ్, బ్లాస్టింగ్‌తో తవ్వారు.

మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో ముగిశాయి. 2024 మార్చి 6న రెండింటినీ జాతికి అంకితం చేశారు. తవ్వకం అయిపోవడం, నీళ్లు పారడం ఒకటి కాదు. అంకితం నాటికి రెండోదాంట్లో లైనింగ్ (లోపలి కాంక్రీటు పూత) మిగిలే ఉంది, టీబీఎం లోపలే ఉండిపోయింది, ముక్కలు కోసి బయటకు తేవాలి. కొత్తూరు నుంచి జలాశయం దాకా 21.8 కిలోమీటర్ల ఫీడర్ కాలువకూ లైనింగ్ కావాలి. మట్టి కట్టల మీద పూర్తి ప్రవాహం వదిలితే గండ్లు పడతాయి.

లెక్క ఒకటి చూడండి. రెండు సొరంగాలూ నిండుగా పారితే దాదాపు 11,500 క్యూసెక్కులు, అంటే రోజుకు ఇంచుమించు ఒక టీఎంసీ. 45 వరద రోజుల్లో 43.5 టీఎంసీలు తేవాలన్న డిజైన్ దీని మీద కట్టిందే. మొదటి సొరంగం ఒక్కటే పారితే 3,000 క్యూసెక్కులు, రోజుకు పావు టీఎంసీ పైచిలుకు. ఆ వేగంతో 43.5 టీఎంసీలకు 168 రోజులు కావాలి. కృష్ణలో అన్ని వరద రోజులుండవు. పైగా శ్రీశైలంలో నీటిమట్టం సొరంగం ముఖద్వారం కన్నా బాగా పైన ఉంటేనే పూర్తి ప్రవాహం వస్తుంది, అంచున ఉంటే సగం కూడా రాదు. 2015, 2023 లాంటి ఏళ్లలో శ్రీశైలానికే సరిగా వరద లేదు. కాబట్టి ‘ఒక సొరంగంతోనైనా ముందు నీళ్లిస్తాం’ అని ప్రభుత్వాలు అన్నప్పుడల్లా, లోయలో వాళ్లకు ఒక మాట వినపడుతుంది: కొంచెం నీళ్లకైనా ఊళ్లు మొత్తం ఖాళీ చేయాల్సిందే.

లోయలో ఎవరున్నారు? సుంకేశుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ, చింతలముడిపి, అక్కచెరువు తండా, కాటంరాజు తండా. మొత్తం 11 ఊళ్లు. మెట్ట సేద్యం, పత్తి, కంది, మిర్చి, బోరు పడినచోట కొంచెం వరి, అడవి అంచున మేకలు, గొర్రెలు. జనం పలుచగా ఉండే మండలాలివి. అధికారుల ఫైల్లో ‘తక్కువ ముంపు, ఎక్కువ ఆయకట్టు’ అని రాసుకోవడానికి వీలైనవి. ఆ ఆయకట్టు 4,47,300 ఎకరాలు. అందులో నెల్లూరు జిల్లా మెట్టకు 84,000, కడపకు 27,000, మిగతాది ఉమ్మడి ప్రకాశానికి. తాగునీరు 15.25 లక్షల మందికి. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన పల్లెలకు ఈ నీళ్లు ఎంత అవసరమో ముంపు గ్రామాల వాళ్లకు చెప్పక్కర్లేదు, వాళ్ల చుట్టాలు ఆ పల్లెల్లోనే ఉన్నారు. ప్రాజెక్టు వద్దని వాళ్లు అనలేదు. జాబితా సరిచేయమంటున్నారు.

ఆ జాబితా తయారయ్యే తీరు తెలిస్తే తగాదా తెలుస్తుంది. సర్వే బృందం ఇంటికొస్తుంది. గోడలు మట్టివా, రాతివా, పైకప్పు పూరా, రేకులా, స్లాబా అని రాసుకుని కొలతలు తీస్తుంది. ఇంటి విలువ ఆర్ అండ్ బీ వాళ్లు కడతారు, పండ్ల చెట్లవి ఉద్యాన శాఖ, కలప చెట్లవి అటవీ శాఖ. బోరు, బావి విడిగా. ఇంకో కాగితంలో కుటుంబం: పేరు, వయసు, పెళ్లయిందా, రేషన్ కార్డు. పొరపాట్లు ఎక్కువ దొర్లేది ఈ రెండో కాగితంలోనే. తండ్రి చనిపోయి ఫౌతీ మార్పు (భూమిని వారసుల పేరుకు మార్చడం) కాకపోతే భూమి అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) చచ్చిపోయిన మనిషి పేరు మీద వస్తుంది, డబ్బు కోర్టు డిపాజిట్‌లో కూర్చుంటుంది. ముగ్గురన్నదమ్ములు ఒకే డోరు నంబరులో మూడు పొయ్యిలు పెట్టుకుని ఉంటే ఒక్క ఇల్లు, ఒక్క కుటుంబం. పొట్టకూటికి ఊరు దాటి పనికెళ్లినవాడు సర్వే రోజున లేకపోతే ‘స్థానికేతరుడు’. తండాల్లో తాతల నాటి పోడుకు పట్టా ఉండదు, అడంగల్‌లో ‘అటవీ’ అని ఉంటుంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవారికి హక్కు ఇచ్చింది. అంతకుముందే మొదలైన భూసేకరణకు ఆ హక్కు గుర్తులేదు.

వీటన్నిటి మీదా పెద్ద పొరపాటు వయసుది. జాబితా రాసిననాడు మూడేళ్ల పిల్ల, ఇప్పుడు పెళ్లయి పిల్లల తల్లి. 2005 నాటి రాష్ట్ర పునరావాస విధానం ప్రకారం కటాఫ్ తేదీకి 18 నిండినవాళ్లకే విడిగా ప్యాకేజీ. 2013 భూసేకరణ చట్టం పెళ్లయినా కాకపోయినా 18 నిండిన ప్రతి ఆడా మగా ఒక కుటుంబం అంటుంది. 1894 చట్టంలో సోలేషియం (భూమి విలువ మీద అదనంగా ఇచ్చేది) 30 శాతం, కొత్త చట్టంలో 100 శాతం. పాత చట్టం కింద అవార్డు అయిపోయిందా, లేదా అన్నదాన్ని బట్టి ఒక ఊరికీ పక్క ఊరికీ, ఒక్కోసారి ఒకే ఊర్లో రెండు సర్వే నంబర్లకీ లెక్క మారుతుంది. నోటిఫికేషన్ మాత్రమే అయి అవార్డు కాకపోతే పరిహారం కొత్త చట్టం ప్రకారం ఇవ్వాలని 24వ సెక్షన్ చెబుతుంది. ఊళ్లో ఎవరిని కదిలించినా అవార్డు తేదీలు నోటికి చెబుతారు, కారణం ఇదే.

ఈ మధ్యలో ఊరి బతుకు ఎటూ కాకుండా ఆగిపోయింది. ముంపు జాబితాకెక్కిన ఊళ్లో పక్కా ఇల్లు మంజూరు కాదు, రోడ్డుకు నిధులు రావు, పొలం మీద బ్యాంకు అప్పు పుట్టదు, ఆ ఊరికి పిల్లనివ్వడానికి వెనకాడతారు. భూమి డబ్బు ముందే తీసుకున్న కుటుంబాల్లో అది పెళ్లిళ్లకు, వైద్యానికి, ఫెయిలైన బోర్లకు కరిగిపోయింది. ఇప్పుడు ఇంటి ప్యాకేజీ ఇచ్చి పొమ్మంటే కొనుక్కోవడానికి భూమి ధర అప్పటిది కాదు.

అధికారుల వాదనా ఉంది. అవార్డులు ఎప్పుడో ముగిశాయి, భూమి ప్రభుత్వానిది, కటాఫ్ తేదీ ముందుకు జరిపేకొద్దీ జాబితాకు అంతు ఉండదు, కొందరు పునరావాసం కోసమే కొత్తగా రేకుల షెడ్లు వేశారు, కాలనీల్లో ప్లాట్లు, ఒకేసారి నగదు తీసుకునే వెసులుబాటు ఇచ్చాం అంటారు. షెడ్ల మాట కొంతవరకూ నిజమే. ఖాళీ చేయించడానికి ఇంత కాలం తీసుకున్నది మాత్రం ఊళ్లవాళ్లు కాదు.

నీటి హక్కు సంగతి రెండు ముక్కల్లో. కృష్ణ నీళ్లు రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఇచ్చి, మిగులు జలాలు హక్కు లేకుండా వాడుకోవచ్చంది. వెలిగొండ ఆ మిగులు మీద నిలబడ్డది. తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ దీనికి విడిగా కేటాయింపు ఇవ్వలేదు. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూల్ మాత్రం వెలిగొండను పేరు పెట్టి చేర్చి పూర్తి చేసుకోమంది. ఆంధ్రప్రదేశ్ ఆ షెడ్యూల్‌ను చూపిస్తుంది, తెలంగాణ కేటాయింపు ఎక్కడని అడుగుతుంది. ఇది కోర్టుల్లో సాగే పని.

లోయకు గోదావరి నీళ్లతో వచ్చే మార్పు వేరు. కృష్ణ నీళ్లయితే వాలుతో వస్తాయి, ఏడాదికోసారి నింపి వేసవి దాకా వాడుకుంటారు, నీళ్లు తగ్గేకొద్దీ బయటపడే అంచు భూముల్లో ఒక పంట తీయొచ్చని నిర్వాసితులు ఆశపడ్డారు. పోలవరం నుంచి 200 టీఎంసీలు ఎత్తిపోసి తెస్తే అవి 53.85 టీఎంసీల జలాశయంలో ఒకేసారి పట్టవు. ఇంచుమించు నాలుగు సార్లు నింపి ఖాళీ చేయాలి. వరద నెలలంతా మట్టం పైకీ కిందకీ ఊగుతుంది, అంచు సాగు పోయినట్టే. నిల్వే పెంచాలనుకుంటే డ్యాముల ఎత్తు, దాంతో ముంపు రేఖ, మళ్లీ సర్వే, మళ్లీ జాబితా.

2013 చట్టం 38వ సెక్షన్ నీటిపారుదల ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలంటుంది. శ్రీశైలానికి వరద వచ్చే ఆగస్టులో నీళ్లు వదలాలంటే ఫిబ్రవరికల్లా ఆఖరి కుటుంబానికి ప్లాటు, డబ్బు, కరెంటు, బడి అన్నీ అందాలి. పాత చట్టం అవార్డులకు ఈ ఆరు నెలల నిబంధన వర్తించదన్నది అధికారుల పక్షం. డ్యాములు కట్టిన తేదీని కాదు, నీళ్లు వదిలే తేదీని చూడాలన్నది నిర్వాసితుల పక్షం.