అనంతపురం భూ వినియోగ ప్రణాళికపై అజమాయిషీ ఎవరిది?

2022 అక్టోబరులో కురిసిన కుండపోత వానకు నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు నీట మునిగినప్పుడు, వంకను ఆనుకొని ఇళ్లు ఎలా వెలిశాయన్న ప్రశ్న సహజంగానే తలెత్తింది. ఏ ఒక్క అధికారినో వేలెత్తి చూపితే దానికి జవాబు దొరకదు. వందేళ్లుగా ఒకదానిపై ఒకటి పేరుకుంటూ వచ్చిన చట్టాల్లో దాన్ని వెతకాలి.

దత్త మండలాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు వచ్చిన 1920 నాటి పట్టణ ప్రణాళికా చట్టం వీటిలో మొదటిది. ఆ తర్వాత 1975లో ఒకటి, 2016లో మరొకటి చొప్పున పట్టణాభివృద్ధి చట్టాలు వచ్చాయి. 2019లో అనంతపురం–హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ, అంటే అహుడా, ఏర్పడింది. చట్టాలు మారినా ఒక విషయం మాత్రం మారలేదు. మాస్టర్ ప్లాన్ తయారు చేసే సంస్థను నియమించేది, ఆ ప్లాన్‌ను ఆమోదించేది, తర్వాత అందులో కీలక మార్పులు చేసేది కూడా రాష్ట్ర ప్రభుత్వమే. అభ్యంతరాలకు గడువిస్తారు గానీ, వాటిని విని తీర్పు చెప్పే వేరే వ్యవస్థ అంటూ లేదు.

సాగుభూమి సంగతి ఇంకో దారిలో నడిచింది. జనం నేటికీ వాడే ‘నాలా’ అన్న పేరు, వ్యవసాయేతర భూములపై 1963లో వచ్చిన పన్ను చట్టానిది. దాని స్థానంలో 2006లో వచ్చిన చట్టం, సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చుకోవాలంటే ఆర్డీవో అనుమతి తప్పనిసరి చేసింది. అనుమతి లేకుండా మార్చినవారికి వేసిన శిక్ష, రుసుముపై మరో 50 శాతం జరిమానా మాత్రమే. 2025లో ఆ చట్టాన్నే రద్దు చేసి, దాని బదులు అభివృద్ధి రుసుమును తెచ్చారు. అనుమతుల కోసం రైతులు కాళ్లరిగేలా తిరిగిన మాట నిజమే కాబట్టి రద్దును తప్పుపట్టలేం. అయితే ఈ నేల సాగులోనే ఉండాలా అని అడిగే ఆ ఒక్క దశ కూడా దాంతో పోయింది.

ఊరి చుట్టూ రోడ్ల వెంట వెళ్తే దాని ఫలితం కంటికి కనిపిస్తుంది. వేరుశనగ పండిన ఎర్రనేలల్లో తెల్ల సున్నం పూసిన హద్దురాళ్లు వరుస తీరి ఉంటాయి. గ్రామ పటంలో వాగుగా గీసి ఉన్నది, కొన్ని చోట్ల మట్టి కప్పుకొని వెంచర్ రోడ్డయింది. అనుమతి లేని ఇలాంటి లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం మొదట 2007 డిసెంబరు 31న వచ్చింది, తర్వాత 2020లో, మళ్లీ 2025లో వచ్చింది. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టి సరిచేసుకొనే వీలిచ్చారు. డబ్బు ఖజానాకు చేరుతుంది, కాలనీకి మాత్రం పార్కు రాదు, వాన నీరు ఇంకే చోటు ఉండదు. జీవితకాలపు పొదుపుతో ప్లాటు కొన్న సామాన్యుడిని నిందించడం అన్యాయం. ఇంకో పథకం ఎలాగూ వస్తుందన్న ధీమాను వెంచర్ వేసేవాడికి కలిగించింది ప్రభుత్వాలే.

జాతీయ స్థాయిలోనూ దన్ను లేదు. భూమి రాష్ట్రాల జాబితాలోని అంశం. కేంద్ర భూవనరుల శాఖ 2013లో రూపొందించిన జాతీయ భూ వినియోగ విధానం ముసాయిదా దశ దాటలేదు. స్వతంత్రంగా చూడగలిగిన కళ్లు ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్‌వి మాత్రమే. 2006–11 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన భూకేటాయింపులను అది తనిఖీ చేసి 2012లో నివేదిక ఇచ్చింది. అప్పట్లో మన జిల్లాలో ఉండి, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ అనే ప్రాజెక్టుకు ఎనిమిది వేలకు పైగా ఎకరాలు ఇచ్చింది ఆ రోజుల్లోనే. ఆడిట్ ఎంత నిక్కచ్చిగా జరిగినా, అది భూమి చేతులు మారిన తర్వాత వచ్చేదే.

ముందుగానే ఆపగల ఏర్పాటు రాజ్యాంగంలో ఉంది. 74వ సవరణతో చేరిన 243జెడ్‌డీ అధికరణ ప్రతి జిల్లాకూ ప్రణాళికా కమిటీ ఉండాలని, అందులో ఐదింట నాలుగు వంతుల మందిని జిల్లా పరిషత్తు, పురపాలక సంఘాల సభ్యులు తమలో నుంచి ఎన్నుకోవాలని చెబుతుంది. స్థల ప్రణాళిక, నీటి పంపకం అనే మాటలు ఆ అధికరణలోనే ఉన్నాయి. ఈ కమిటీల కోసం 2005లో రాష్ట్ర చట్టం కూడా వచ్చింది. మాస్టర్ ప్లాన్‌లో ఏ మార్పు చేయాలన్నా ముందుగా ఈ కమిటీ బహిరంగ విచారణ జరపాలని, వంకలు, చెరువుల పటాలను ముందు పెట్టుకొని కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2016 పట్టణాభివృద్ధి చట్టంలో ఒక నిబంధన చేర్చితే చాలు. శాసనసభ తలచుకుంటే ఒక్క సమావేశంలో పూర్తయ్యే పని ఇది.