ఆ గొర్రెల కాపరి అంత చీకట్లో ఎందుకున్నాడు?

పాత తైలవర్ణ చిత్రాలను శుభ్రం చేయడం నా పని. బరోక్ కాలపు (ముఖ్యంగా 17వ శతాబ్దపు యూరప్ కళాశైలి) గొర్రెల కాపరి బొమ్మ బల్లమీదికి వస్తే చాలు, చూసినవాళ్లు అనే మాటలు కొన్నున్నాయి. రోమ్ దగ్గర టివోలీలో స్థిరపడ్డ జర్మన్ చిత్రకారుడు ఫిలిప్ పీటర్ రోస్ బొమ్మలనే తీసుకుందాం. 'రోసా ద టివోలీ'గా పేరుపడ్డ ఈయన 1706లో పోయాడు.

అపోహ: బరోక్ అంటేనే నలుపు. ఆ చీకటంతా కావాలని పెట్టిందే.

వాస్తవం: కొంతవరకే నిజం. వెలుగునీడల మీద మోజు ఆ కాలానిదే. కానీ రోస్ బొమ్మల్లో నలుపు చాలావరకు తర్వాత వచ్చి చేరింది. అప్పట్లో ఇటలీలో చాలామంది కాన్వాస్‌కి ముందు ముదురు కావిరంగు ప్రైమర్, అంటే అడుగుపూత, పూసేవారు. దానిమీద పలచగా రంగు లాగితే నీడలు వాటంతటవే వచ్చేస్తాయి, పని చకచకా తెమిలిపోతుంది. రోస్ చేతివేగం చూసి రోమ్‌లోని డచ్, ఫ్లెమిష్ చిత్రకారుల బృందం ఆయనకు 'మెర్క్యూరియస్' అని, వేగానికి పేరుపడ్డ రోమన్ దేవుడి పేరే, ముద్దుపేరు పెట్టింది. చిక్కల్లా ఏళ్లు గడిచేకొద్దీ నూనెరంగు పారదర్శకం కావడమే. అడుగునున్న కావి పైకి తేలుతుంది. చెట్లు, దూరపు కొండలు, కాపరి బట్టలు అందులో కలిసిపోతాయి. సీసపు తెలుపు దట్టంగా పెట్టిన మేక వీపు, పొట్టేలు ఉన్ని మాత్రం నిలబడతాయి. కాపరికంటే మేకే ముందు కంటబడేది అందుకే.

అపోహ: శుభ్రం చేస్తే కొత్తదైపోతుంది.

వాస్తవం: పసుపెక్కిన వార్నిష్, మసి తీయగలం. ప్రైమర్ వల్ల వచ్చిన నలుపును తీయలేం. ఉల్లిపాయ, బంగాళాదుంప ముక్కతో రుద్దమనే వీడియోల జోలికి పోవద్దు. ఆ తడి పగుళ్లలోకి దిగి రంగు పెచ్చులూడితే అతికించాల్సింది మళ్లీ మేమే!

అపోహ: కాపరి కనిపిస్తే అది క్రీస్తు బొమ్మే.

వాస్తవం: కాదు. వీటిలో చాలావాటికి మతంతో పనిలేదు.

అపోహ: పొలంలో కూర్చుని చూసింది చూసినట్టు వేశారు.

వాస్తవం: జంతువులను చూసి గీసిన మాట నిజమే. రోస్ పెంచుకున్న జంతువుల వల్ల ఆయన ఇంటికి 'నోవహు ఓడ' అని పేరొచ్చింది. కానీ బొమ్మ కూర్చింది స్టూడియోలో. హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో డచ్ చిత్రకారుడు పౌలుస్ పాటర్ 1647లో వేసిన కోడె బొమ్మ ఉంది. ఒంటిమీద ఈగలు, నేలమీద పేడ, ఓ మూల కప్ప. ఇంతకంటే నిజం ఏముంటుంది అనిపిస్తుంది. పశువుల సంగతి తెలిసినవాళ్లు మాత్రం ఆ కోడె అవయవాలు ఒకే ఈడువి కావని పట్టేస్తారు. పాటర్ మొదట వేయాలనుకున్నది కోడె ఒక్కదాన్నే. తర్వాత పక్కలా పైనా కాన్వాస్ అతికి కాపరికీ, ఆవుకీ, గొర్రెలకీ చోటు చేశాడు.