నీటి వాహకత కొలిచే సర్క్యూట్: అపోహలు - వాస్తవాలు

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల బోరు నీరు తెలియని ఇల్లు ఉండదు. అందుకే కాబోలు, సైన్స్ ప్రదర్శన అనగానే విద్యార్థులు నీటి వాహకత మీటర్ చేస్తామంటూ నా దగ్గరికి వస్తారు. వాహకత అంటే నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే కొలత; కరిగిన లవణాలు పెరిగితే అదీ పెరుగుతుంది. దగ్గరుండి చేయించడం నాకు చాలా ఇష్టమైన పని. అయితే సోల్డరింగ్ మొదలుపెట్టే ముందు కొన్ని అపోహలు తొలగించక తప్పదు.

అపోహ: మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (నిరోధం కొలిచే అమరికలో) పెట్టి, రెండు మొనలూ నీళ్లలో ముంచితే చాలు.

వాస్తవం: ముంచి చూడండి, అంకె ఒకచోట నిలవదు. మల్టీమీటర్ పంపేది డీసీ. అది ఒకే దిశలో ప్రవహించడంతో నీటిలోని విద్యుదావేశం గల కణాలు, అంటే అయాన్లు, మొనల దగ్గర పోగుపడి కరెంటుకు అడ్డు తగులుతాయి. దాంతో మీరు చదివేది నీటి నిరోధం ఒక్కటే కాదు, ఆ అడ్డంకి కూడా. కరెంటు దిశ సెకనుకు వెయ్యి సార్లు అటూ ఇటూ మారుతుంటే అయాన్లకు పోగుపడే వ్యవధి ఉండదు.

దీనికి 555 టైమర్ ఐసీ, అంటే కరెంటును లయగా ఆన్, ఆఫ్ చేసే చిన్న చిప్ సరిపోతుంది. ఒక్క విషయం మరవకండి: దాని అవుట్‌పుట్ సున్నా నుంచి పైకి లేచి మళ్లీ సున్నాకు వస్తుందే తప్ప రుణాత్మకంగా మారదు. అంటే అందులో డీసీ ఇంకా ఉంది. ప్లస్, మైనస్ తేడా లేని 10 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ కెపాసిటర్‌ను వరుసలో కలిపితే డీసీ అక్కడే ఆగిపోతుంది. బ్యాటరీ నీరసించిన కొద్దీ రీడింగ్ మారకుండా వోల్టేజిని స్థిరంగా ఉంచే 7805 రెగ్యులేటర్ కూడా పెట్టండి.

అపోహ: ఎలక్ట్రోడ్లు ఎలా ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: ఒక చదరపు సెంటీమీటరు పలకలు రెండు, సరిగ్గా సెంటీమీటరు ఎడంలో ఉన్నాయనుకోండి. వాహకత సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్ (వాహకతకు కొలమానం) ఉన్న ద్రావణంలో వాటి మధ్య నిరోధం సుమారు 708 ఓమ్‌లు. ఎడం కాస్త మారినా ఈ అంకె మారిపోతుంది. అందుకే స్టీలు కడ్డీలను కదలకుండా బిగించండి. తర్వాత లీటరు స్వేదనజలంలో 0.7456 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కరిగించి, 25 డిగ్రీల దగ్గర 1413 వచ్చేలా సరిచూసుకోండి. కాలేజీ ల్యాబ్‌లో త్రాసు దొరుకుతుంది కాబట్టి ఇది కష్టమేమీ కాదు.

అపోహ: ఎండాకాలం మధ్యాహ్నం నీటిలో లవణాలు పెరుగుతాయి.

వాస్తవం: పెరిగేది వేడి. డిగ్రీకి దాదాపు 2 శాతం చొప్పున వాహకత పెరుగుతుంది. డాబా మీది ట్యాంకు నీరు 40 డిగ్రీలకు చేరితే, 25 దగ్గర 1000 చూపిన నీరే 1300 చూపిస్తుంది.

అపోహ: రీడింగ్ తక్కువగా ఉంటే ఆ నీరు తాగొచ్చు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించేది ఈ నమ్మకమే. ఫ్లోరైడ్ బెడద చూసిన ప్రాంతం మనది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. ఆ 1.5 మిల్లీగ్రాముల వల్ల వాహకత పెరిగేది పది మైక్రోసీమెన్స్ లోపే. వెయ్యి దగ్గర ఆడుతున్న రీడింగులో దాన్ని ఎలా పట్టుకుంటారు? క్రిముల సంగతి అసలే తెలియదు. దుకాణంలో కొన్న టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం పదార్థాల) మీటర్ కూడా ఇంతే. అది వాహకతనే కొలిచి, 0.5 లాంటి ఒక గుణకంతో హెచ్చించి అంకె చూపిస్తుంది. ఫ్లోరైడ్ తెలియాలంటే నీటి నమూనాను పరీక్షా కేంద్రానికి పంపాల్సిందే.

అపోహ: కరెంటు పెట్టగానే గోధుమ రంగుకు తిరిగిన నీరు విషం.

వాస్తవం: ఫిల్టర్లు అమ్మేవారు ఇంటికొచ్చి చూపించే ప్రదర్శన ఇది. ఆ మడ్డి నీటిలోది కాదు, ఇనుప ఎలక్ట్రోడు కరిగి ఏర్పడిన తుప్పు. శుద్ధిచేసిన నీటిలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు పెద్దగా పారదు, ఇనుమూ పెద్దగా కరగదు. ఆ గ్లాసులో చిటికెడు ఉప్పు వేయమని అడగండి, అదీ గోధుమ రంగుకు తిరుగుతుంది.

మరి ఈ మీటర్ ఎందుకు పనికొస్తుందంటే, ఒకే నీటిలో మార్పును పట్టుకోవడానికి. ఒకే బోరు నీటిని నెలనెలా కొలిచి రాసిపెట్టుకోండి. ఇంట్లో ఆర్వో ఉంటే లోపలికి వెళ్లే నీటిని, బయటికొచ్చే నీటిని కొలిచి చూడండి. రెండు అంకెలూ దగ్గరపడుతున్నాయంటే మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) మార్చే సమయం వచ్చిందన్నమాట.